అణు విద్యుత్ రంగంలో సిక్కోలు ఆడపిల్లలు: ఉద్యోగం నుంచి నాయకత్వం దాకా

రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల సామర్థ్యం గల ఆరు రియాక్టర్లు నెలకొల్పాలన్న ప్రతిపాదన గురించి తెలిసినప్పటి నుంచి మా ప్రాంతపు తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "మేడమ్, మా అమ్మాయికి అందులో ఉద్యోగం దొరుకుతుందా?" శ్రీకాకుళంలో భౌతికశాస్త్రం బోధిస్తూ చాలా ఏళ్లు గడిపిన నేను వారికి చెప్పేది ఏమిటంటే, ఉద్యోగం సంపాదించడం ఒక పని, ఆ కేంద్రాన్ని నడిపే స్థానానికి చేరడం మరొక పని, రెండో దానికి కావలసిన నిర్ణయాలు ఉద్యోగంలో చేరిన మొదటి నాలుగైదేళ్లలోనే జరిగిపోతాయి. కొవ్వాడ పూర్తయ్యేదాకా ఎదురు చూడవలసిన అవసరం కూడా లేదు. కల్పాక్కం, కైగా, తారాపూర్, రావత్‌భాటా, కాక్రాపార్, కూడంకుళం కేంద్రాలు నడుస్తూనే ఉన్నాయి. అణు ఇంధన సముదాయం హైదరాబాద్‌లోనే ఉంది.

చేరడానికి దారులు చదువును బట్టి వేరువేరుగా ఉంటాయి. బీటెక్ లేదా ఎంఎస్సీ చదివినవారికి భాభా అణు పరిశోధన కేంద్రం, అంటే బార్క్, ఏటా ఏడాది శిక్షణకు ఎంపిక జరుపుతుంది. కనీసం 60 శాతం మార్కులు ఉండాలి. సాధారణ వర్గానికి వయోపరిమితి 26 ఏళ్లు. ఇంజినీరింగ్, సైన్స్ పట్టభద్రులకు జరిగే జాతీయ పరీక్ష గేట్‌లో వచ్చిన స్కోరుతో గానీ బార్క్ సొంత ఆన్‌లైన్ పరీక్షతో గానీ ఇంటర్వ్యూకు పిలుస్తారు, తుది ఎంపిక మాత్రం ఇంటర్వ్యూ ప్రతిభ మీదే ఆధారపడుతుంది. అణు విద్యుత్ కేంద్రాలను నడిపే ఎన్‌పీసీఐఎల్ సంస్థ ఎగ్జిక్యూటివ్ ట్రైనీలను గేట్ స్కోరు ద్వారా ఇంటర్వ్యూకు ఎంచుకుంటుంది. డిప్లొమా, బీఎస్సీ చదివినవారికి ఏడాదిన్నర, ఐటీఐ లేదా ఇంటర్ సైన్స్ చదివినవారికి రెండేళ్ల స్టైపెండ్ శిక్షణ ఉంటుంది. ఎంఎస్సీ ఫిజిక్స్ తరువాత బార్క్‌లో రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా చేస్తే, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల మెడికల్ ఫిజిసిస్ట్‌గా పనిచేసే అర్హత వస్తుంది. బార్క్, ఎన్‌పీసీఐఎల్ దరఖాస్తులకు మహిళలు రుసుము కట్టనక్కరలేదు. కాబట్టి ఆఖరి సెమిస్టర్‌లోనే దరఖాస్తు చేయించండి. పెళ్లి సంబంధాలు చూస్తున్నామంటూ ఒక్కో ఏడాది వాయిదా వేస్తూ పోతే 26 ఏళ్ల గీత దాటిపోతుంది.

ఇంటర్వ్యూ గురించి ఒక్క మాట. మన పిల్లలు సూత్రాలు వల్లె వేసి వెళతారు, అక్కడ మాత్రం ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెట్టి "ఎందుకు?" అంటూ లోతుకు తీసుకువెళతారు. కాగితం మీద బొమ్మ గీసి, తెలియనిది తెలియదని చెప్పి, తెలిసిన చోటు నుంచి తర్కించగలగాలి. కాలేజీలో ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు కలిసి, ఒకరు ప్రశ్నిస్తూ మరొకరు బోర్డు దగ్గర నిలబడి జవాబిస్తూ ఆరు నెలలు సాధన చేస్తే ఈ అలవాటు వస్తుంది.

తల్లిదండ్రులు గొంతు తగ్గించి అడిగే రెండో ప్రశ్న రేడియేషన్ గురించి. ఆ భయాన్ని తేలికగా కొట్టిపారేయకూడదు, అంకెలతో జవాబు చెప్పాలి. అణుశక్తి నియంత్రణ మండలి నియమం ప్రకారం సిబ్బందికి అందే రేడియేషన్ మోతాదు (దాన్ని మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు) ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదు. గర్భిణిగా ఉన్నానని ఉద్యోగిని తెలియజేసిన నాటి నుంచి గర్భస్థ శిశువుకు అందేది 1 మిల్లీసీవర్ట్‌ను మించకూడదు. సాధారణ ప్రజలకు ఏడాదికి విధించిన పరిమితి కూడా అంతే. అందువల్ల ఆ సంగతిని దాచకుండా, వీలైనంత త్వరగా లిఖితపూర్వకంగా తెలియజేయాలి. అలా తెలియజేయడం ఆమెను ఉద్యోగం నుంచి తప్పించడానికి కారణం కారాదనీ, పని పరిస్థితులను మార్చడం యాజమాన్యం బాధ్యత అనీ అంతర్జాతీయ అణుశక్తి సంస్థ భద్రతా ప్రమాణాలు స్పష్టంగా చెబుతున్నాయి.

ఇక అసలు విషయం. అణు విద్యుత్ కేంద్రంలో పై పదవులకు వెళ్లే ప్రధాన మార్గం కంట్రోల్ రూమ్ గుండా సాగుతుంది. ఫీల్డ్ ఇంజినీర్‌గా పైపులు, పంపులు, వాల్వులు కాళ్లతో తిరిగి నేర్చుకొని, రియాక్టర్ నడిపే లైసెన్సు పరీక్షలు దాటి, కంట్రోల్ ఇంజినీర్‌గా, షిఫ్ట్ చార్జ్ ఇంజినీర్‌గా రియాక్టర్ బాధ్యత మోసినవారి పేర్లే ఆ తరువాత ఆపరేషన్ సూపరింటెండెంట్, చీఫ్ సూపరింటెండెంట్, స్టేషన్ డైరెక్టర్ పదవులకు ముందుగా పరిశీలనకు వస్తాయి. ఆడపిల్లలను మాత్రం చేరిన తొలిరోజుల్లోనే డిజైన్, నాణ్యతా తనిఖీ, పత్రాల విభాగాలకు పంపడం నేను విన్నాను. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయికి "రాత్రి షిఫ్టులు నీకెందుకమ్మా, హాయిగా పగటి ఉద్యోగం ఇస్తున్నాం" అని చెప్పారట. ఆ మాట అన్నవారిలో దయ ఉండవచ్చు, కానీ పదిహేనేళ్ల తరువాత ఆమెతో చేరిన అబ్బాయిలు కేంద్రాన్ని నడుపుతుంటే, లైసెన్సు లేని కారణంగా ఆమె పేరు పరిశీలనకే రాలేదు. డిజైన్ పని తక్కువదని నేను అనడం లేదు; అది ఆమె ఎంచుకున్నదై ఉండాలి, ఆమె మీద పడినదై ఉండకూడదు.

కాబట్టి శిక్షణ ముగిసే సమయంలో విభాగం కేటాయించకముందే, ఆపరేషన్స్ విభాగం కోరుకుంటున్నానని లిఖితపూర్వకంగా అడగాలి. రాత్రి పనికి చట్టం ఒప్పుకోదని ఎవరైనా అంటే, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 66వ సెక్షన్ విధించిన ఆ నిషేధం స్థానంలో, 2020 నాటి వృత్తి భద్రత కోడ్ మహిళ సమ్మతి ఉంటే, భద్రతా ఏర్పాట్లు ఉంటే రాత్రి పనిని అనుమతిస్తోందని వినయంగా చెప్పవచ్చు. షిఫ్టు వాహనం, విశ్రాంతి గది, ప్లాంటు లోపలి మరుగుదొడ్డి, సరైన కొలతలో రక్షణ దుస్తులు అడగడం గొంతెమ్మ కోరిక కాదు. లైసెన్సు వచ్చేదాకా ఇంటి పనిని అత్తగారు, భర్త పంచుకోవలసి ఉంటుంది గనుక, ఈ మాట పెళ్లిచూపుల నాడే చెప్పుకోవడం మేలు.

అణుశక్తి శాఖ శాస్త్రీయ అధికారుల పదోన్నతి ఖాళీల మీద కాక ప్రతిభ మీద నడుస్తుంది. వార్షిక నివేదికలు, ఇంటర్వ్యూ దానికి ఆధారం. చేసిన పనిని ఎవరో చూసి రాస్తారని ఊరుకోకుండా, ఏ లోపం కనిపెట్టారో, దాని వల్ల ఎన్ని గంటల ఉత్పత్తి ఆగిపోకుండా కాపాడారో నెలనెలా రాసిపెట్టుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు 180 రోజుల ప్రసూతి సెలవు, సర్వీసు మొత్తం మీద 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉన్నాయి. రెండో దాన్ని ఒకేసారి వాడెయ్యకుండా పదోన్నతి ఇంటర్వ్యూ ఏడాదిని చూసుకొని విడతలుగా తీసుకోవడం తెలివైన పని. విదేశంలో పీజీ చేయదలచినవారికి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2020లో ప్రారంభించిన మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ ఫెలోషిప్ మహిళలకే ప్రత్యేకించినది.

చివరగా కొవ్వాడ కుటుంబాలకు. మీ ఊరు, మీ చేపల వేట, మీ ఇల్లు వదులుకొని మీరు చెల్లించే మూల్యం చిన్నది కాదు. 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం పెళ్లి అయినా కాకున్నా యుక్తవయసు వచ్చిన వ్యక్తి, ఆడైనా మగైనా, విడి కుటుంబమే. వితంతువులు, విడాకులు పొందినవారు, కుటుంబం వదిలేసిన మహిళలు కూడా అంతే. ఆ చట్టం రెండో షెడ్యూలు బాధిత కుటుంబంలో ఒకరికి ఉపాధి, లేదా 5 లక్షల రూపాయలు, లేదా 20 ఏళ్లపాటు నెలకు 2,000 రూపాయలు అనే ఎంపికల గురించి చెబుతుంది. బాధిత కుటుంబాల జాబితాలో 18 ఏళ్లు నిండిన మీ కూతురి పేరు విడిగా ఉందో లేదో గ్రామసభ నాడు చూసుకోండి. లేకపోతే ఆమె ఆధార్, పదో తరగతి ధ్రువపత్రాల నకళ్లు జతచేసి అభ్యంతరం ఇచ్చి, రశీదు అడిగి తీసుకోండి.