గ్రాముల్ని చెంచాల్లోకి మార్చి చూడండి

పిల్లలకి ఏదైనా కొనేముందు ప్యాకెట్ వెనక పట్టికలో చక్కెర ఎన్ని గ్రాములో చూసి, నాలుగుతో భాగించండి. టీ చెంచా పంచదార దాదాపు 4 గ్రాములు కాబట్టి, ఎన్ని చెంచాలో తెలిసిపోతుంది. 100 మిల్లీలీటర్లకి 10 గ్రాములున్న కూల్‌డ్రింక్ 200 మిల్లీలీటర్లు తాగితే ఐదు చెంచాలు! గ్లాసు పాలలో ఐదు చెంచాలు వెయ్యమంటే మనకి చెయ్యి వస్తుందా?

రోజువారీ కేలరీల్లో ఇలా పైనుంచి కలిపే చక్కెర 10 శాతం దాటకూడదని, 5 శాతంలోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకి 1,400 కేలరీలు కావలసిన పిల్లకి ఆ 5 శాతం నాలుగు చెంచాల పైన కాస్తంతే. బెల్లం, తేనె, పండ్లరసం కూడా ఈ లెక్కలోవే. బెల్లం మంచిదేగా అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, వాళ్లకి నెమ్మదిగా చెప్పాలి.

నన్నడిగితే ముందు మానిపించాల్సింది తాగే తీపి. దానితో కడుపు నిండినట్టు ఉండదు, పిల్లలు అన్నం ఎప్పట్లాగే తింటారు, ఖర్చు కాని కేలరీలు కొవ్వుగా చేరతాయి. లడ్డూ పెట్టాలనిపిస్తే భోజనమవగానే ఒకటి పెట్టండి. రోజంతా కాస్త కాస్త చప్పరిస్తుంటే పళ్లు త్వరగా పుచ్చిపోతాయి. బరువు పెరిగిందని మాత్రం ఎదిగే బిడ్డకి అన్నం తగ్గించేయకండి, డాక్టరుకి చూపించండి. దాహానికి మంచినీళ్లు, లేదా చిటికెడు ఉప్పేసిన పలుచటి మజ్జిగ ఇవ్వండి.