ముక్కు, సైనస్ కణితుల్లో కేఐ-67 శాతం లెక్కించడం ఎలా?

ముక్కు పైభాగంలో, వాసన పట్టే పొర నుంచి పుట్టే అరుదైన కణితి ఆల్ఫ్యాక్టరీ న్యూరోబ్లాస్టోమా. దాని దూకుడును అంచనా వేయడానికి సూక్ష్మదర్శినిలో కణాల తీరు చూసి ఇచ్చే హయామ్స్ గ్రేడుకు తోడుగా చూడాల్సింది కేఐ-67. విభజన బాట పట్టిన కణాల కేంద్రకాల్లో ఉండే ప్రొటీన్ ఇది. విశ్రాంతిలో ఉన్న కణాల్లో కనిపించదు.

1. బయాప్సీ ముక్కను వెంటనే 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయండి. ఎముక ముక్కలుంటే మెత్తని కణజాలాన్ని విడదీసి వేరే మైనపు బ్లాకు చేయండి. ఎముకను కరిగించే గాఢ ఆమ్లం తగిలితే కేఐ-67 రంగు సరిగా పట్టదు.

2. 3 నుంచి 4 మైక్రాన్ల కోతలు, ఫార్మలిన్ కప్పేసిన ప్రొటీన్‌ను వేడితో బయటపెట్టడం (యాంటిజెన్ వెలికితీత), కేఐ-67కు అంటుకునే ఎమ్ఐబీ-1 యాంటీబాడీ, అది అంటిన చోట డీఏబీ గోధుమ రంగు, మిగతా కేంద్రకాలకు హెమటాక్సిలిన్ నీలం. రంగు సరిగా పట్టిందో లేదో సరిచూసుకోవడానికి పక్కన టాన్సిల్ కంట్రోల్ తప్పనిసరి.

3. ఇక లెక్క. కణితి కణాల్లో నూటికి ఎన్నింటి కేంద్రకాలకు గోధుమ రంగు పట్టిందో అదే కేఐ-67 శాతం. పని చెడేది ఇక్కడే. స్లైడును ఒకసారి తిప్పి చూసి "సుమారు 20 శాతం" అని రాసేస్తారు. అదే స్లైడును మరొకరు చూస్తే 10 అంటారు, ఇంకొకరు 35 అంటారు. ఆ అంకెను నమ్ముకుని వైద్యులు నిర్ణయం తీసుకుంటారని మరచిపోకూడదు.

ముందు తక్కువ మాగ్నిఫికేషన్‌లో స్లైడంతా వెతికి, గోధుమ చుక్కలు దట్టంగా ఉన్న చోటు పట్టుకోండి. 40 ఎక్స్‌లో ఫోటో తీసి, కాగితంపై ముద్రించి, ప్రతి కేంద్రకాన్నీ పెన్నుతో కొట్టేస్తూ లెక్కించండి. తెర మీద లెక్కిస్తే ఒకే కణం రెండుసార్లు పడవచ్చు. సాఫ్ట్‌వేర్ వేగంగానే చేస్తుంది గానీ, కణితి కణానికీ లింఫోసైటు అనే తెల్ల రక్తకణానికీ తేడా చెప్పాల్సిన చోట తడబడవచ్చు. కాగితమే మేలు. కనీసం 500 కణితి కణాలు ఉండాలి. వెయ్యి అయితే ఇంకా నయం.

లేత గోధుమ రంగైనా కేంద్రకంలో ఉంటే లెక్కలోకి వస్తుంది, కణద్రవ్యంలో ఉంటే రాదు. లింఫోసైట్లనూ రక్తనాళాల గోడ కణాలనూ వదిలేయండి. ముక్కు బయాప్సీల్లో పట్టకారు ఒత్తిడికి నలిగి సాగిపోయిన కణాలు మామూలే, వాటి జోలికి పోవద్దు. నలగని కణాలు చాలినన్ని లేకపోతే ఆ మాటే రాయండి, అంకె కల్పించకండి.

4. రిపోర్టులో "ఎక్కువ", "తక్కువ" అని సరిపెట్టకుండా శాతం, లెక్కించిన కణాల సంఖ్య, ఎంచుకున్న చోటు, లెక్కించిన పద్ధతి నాలుగూ రాయండి.