గర్భంలో బీపీ వచ్చిన తల్లులు కాన్పు తర్వాత ఏం చేయాలి

"బిడ్డ పుట్టేసింది కదా, ఇక బీపీ అదే తగ్గిపోతుంది" అన్న మాట కాన్పు వార్డుల్లో రోజూ వినిపిస్తుంది. అందులో సగం నిజం ఉంది. చాలామందికి పన్నెండు వారాల లోపు తగ్గుతుంది. అయితే తగ్గే ముందు ఒకసారి పెరుగుతుంది, అదీ ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేసిన రోజుల్లోనే. పూర్తిగా తగ్గిపోయినా ఆ దెబ్బ రక్తనాళాల మీద మిగిలే ఉంటుంది. ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీతోపాటు కిడ్నీ, కాలేయం లాంటివీ దెబ్బతినే జబ్బు) వచ్చిన తల్లికి తర్వాతి జీవితంలో గుండె జబ్బు, పక్షవాతం వచ్చే అవకాశం రానివాళ్ళ కంటే దాదాపు రెట్టింపు. శాశ్వత బీపీకి, గుండె వైఫల్యానికి అయితే మూడు నాలుగు రెట్లు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2011లోనే దీన్ని స్త్రీల గుండె జబ్బు ముప్పుల్లో చేర్చింది. మన దగ్గర మాత్రం నలభై ఐదేళ్ళావిడ ఛాతీ నొప్పితో వస్తే, కాన్పులప్పుడు బీపీ వచ్చిందా అని అడిగేవాళ్ళు తక్కువ. కాబట్టి ఆ సంగతి మీరే గుర్తుపెట్టుకుని చెప్పాలి.

డిశ్చార్జి కాగితంలో ఏం రాయించుకోవాలి

చాలా కాగితాల్లో "పీఐహెచ్" అని ముక్తసరిగా రాసి వదిలేస్తారు. గర్భం వల్ల వచ్చిన బీపీ అని తప్ప దానివల్ల ఇంకేమీ తెలియదు. మీది ఏ రకమో అడగండి. గర్భానికి ముందే గానీ, 20 వారాల లోపు గానీ బయటపడితే అది పాత బీపీ. 20 వారాలు దాటాక కనీసం నాలుగు గంటల తేడాతో రెండుసార్లు 140/90 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే గర్భకాలపు బీపీ. దానితోపాటు మూత్రంలో ప్రొటీన్ పోతున్నా, ప్లేట్‌లెట్లు లక్ష కంటే తగ్గినా, కాలేయపు ఎంజైములు రెట్టింపైనా, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1 దాటినా, ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, తగ్గని తలనొప్పి, చూపు తేడా ఉన్నా ప్రీఎక్లాంప్సియా. మూత్రంలో ప్రొటీన్ లేదు కాబట్టి ప్రీఎక్లాంప్సియా కాదనుకోకూడదు. కాళ్ళకు నీరు పట్టడం ఒక్కటే చూసి ఉందని గానీ లేదని గానీ తేల్చలేరు. ఫిట్స్ కూడా వస్తే ఎక్లాంప్సియా. పెద్దవాళ్ళు గుర్రపు వాతం అనేది దీన్నే.

కాగితంలో ఇవి ఉండేలా చూసుకోండి: బీపీ మొదట ఏ వారంలో కనిపించింది, అత్యధికంగా ఎంత పోయింది, ప్రొటీన్, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్ ఎంత, ఏ మందులు ఎంత మోతాదులో వాడారు, ఫిట్స్ రాకుండా వేసే మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చారా, కాన్పు ఎన్ని వారాలకు అయింది, బిడ్డ బరువెంత. అన్నిట్లో ముఖ్యం వారాల లెక్క. నెలలు నిండకముందే కాన్పు చేయాల్సి వచ్చిందంటే, అందులోనూ 34 వారాల లోపైతే, తర్వాత గుండెకు ముప్పు ఇంకాస్త ఎక్కువ.

కాన్పుకు పుట్టింటికి వెళ్ళడం మన ఆనవాయితీ. ఫైలు పుట్టింటి బీరువాలో ఉండిపోతుంది, మనిషి అత్తగారింటికి వెళ్ళిపోతుంది. అక్కడి డాక్టరుకు చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. ఆస్పత్రి గేటు దాటకముందే ప్రతి పేజీకీ ఫోన్‌లో ఫొటో తీసి ఇద్దరు ముగ్గురికి పంపించి ఉంచండి.

మొదటి పది రోజులు

గర్భంలో ఒంట్లో చేరిన నీరు కాన్పు తర్వాత తిరిగి రక్తనాళాల్లోకి వస్తుంది. అందుకే మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బీపీ అత్యధికంగా ఉంటుంది. మామూలు కాన్పైతే అప్పటికే ఇంటికి వచ్చేసి ఉంటారు. ఇంటినిండా చుట్టాలు, నిద్ర లేదు, పదకొండో రోజు పురుడు పనులు. మాత్ర మర్చిపోయేది ఈ హడావుడిలోనే. గర్భంలో 160/110 దాకా వెళ్ళినవాళ్ళు కాన్పైన 72 గంటల లోపు, మిగతావాళ్ళు ఏడు నుంచి పది రోజుల లోపు తప్పనిసరిగా బీపీ చూపించుకోవాలి. ఇంట్లో మిషన్ ఉంటే ఉదయం, సాయంత్రం చూసి రాసుకోండి. లేకపోతే ఆశా కార్యకర్తను గానీ, ఏఎన్ఎంను గానీ అడగండి.

"బాలింత అన్ని మాత్రలు మింగితే పాలు చెడతాయి" అనే మాట ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఎనలాప్రిల్, నిఫెడిపిన్, ఆమ్లోడిపిన్, లాబెటలాల్ పాలలోకి వెళ్ళేది చాలా కొద్దిగా. బిడ్డకు పాలిస్తూనే వీటిని వాడవచ్చు. నెలలు తక్కువగా పుట్టిన బిడ్డైతే పిల్లల డాక్టరుకు కూడా ఒక మాట చెప్పండి. గర్భంలో మిథైల్‌డోపా వాడి ఉంటే కాన్పయ్యాక మార్చమని అడగండి, దానివల్ల మనసు దిగులుగా మారే అవకాశం ఉంది. మీ అంతట మీరు మాత్ర ఆపేయకండి. 110/70 కంటే కిందికి దిగుతూ కళ్ళు తిరుగుతుంటే ఫోన్ చేసి మోతాదు తగ్గించుకోవాలి.

ఎప్పుడు పరుగెత్తాలంటే: 160/110 లేదా అంతకంటే ఎక్కువ వస్తే, పై అంకె ఒక్కటైనా కింది అంకె ఒక్కటైనా సరే, 15 నిమిషాలు కుదురుగా కూర్చుని మళ్ళీ చూడండి. తగ్గకపోతే ఇక ఆలోచించకుండా ఆస్పత్రికే, అవసరమైతే 108కి ఫోన్ చేయండి. పారాసిటమాల్‌కు లొంగని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, కుడి డొక్క కింద నొప్పి, పడుకుంటే ఆయాసం, మాట తడబడటం వీటిలో ఏది ఉన్నా బీపీ అంకెతో పనిలేకుండా బయల్దేరండి. ఫిట్స్ కాన్పైన ఆరు వారాల వరకూ రావచ్చు. క్యాజువాలిటీలో మొదటి మాటే "కాన్పై ఇన్ని రోజులైంది, గర్భంలో బీపీ ఉంది" అని చెప్పాలి. చేతిలో బిడ్డ లేకుండా వస్తే బాలింత అని ఎవరూ గుర్తించరు, తలనొప్పికి సూది వేసి పంపేస్తారు. నాలుక కింద నిఫెడిపిన్ పిండే పాత పద్ధతికి ఒప్పుకోకండి, బీపీ ఒక్కసారిగా పడిపోయి మెదడుకు రక్తం అందదు. ఫిట్స్ వస్తే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, చేతిలో తాళంచెవులు పెట్టకండి.

ఇంట్లో బీపీ సరిగ్గా చూసుకోవడం

మణికట్టుకు పెట్టేది వద్దు, జబ్బకు చుట్టేది కొనండి. టేపుతో జబ్బ మధ్యలో చుట్టుకొలత చూసుకోండి. 32 సెం.మీ. దాటితే మామూలు పట్టీ పనికిరాదు, పెద్దది విడిగా కొనాలి. చిన్న పట్టీ లావు జబ్బకు బిగిస్తే లేని బీపీని చూపిస్తుంది. మన ఆడవాళ్ళ విషయంలో ఇంకో తంటా జాకెట్టు చేయి. దాని మీదే పట్టీ చుడతారు, లేదా పైకి బిగుతుగా మడుస్తారు. రెండూ తప్పే. చేయి పూర్తిగా బయటికి తీసేయండి, లేదంటే వదులు నైటీ వేసుకుని చూసుకోండి.

టీ, కాఫీ తాగి అరగంట గడవాలి. ముందు మూత్రానికి వెళ్ళి రండి. వీపు ఆనేలా కుర్చీలో, పాదాలు నేల మీద, కాలు మీద కాలు లేకుండా ఐదు నిమిషాలు కూర్చోండి. పట్టీ గుండె ఎత్తులో ఉండేలా చేతిని బల్ల మీదో దిండు మీదో ఆనించండి. మాట్లాడకండి, ఒళ్ళో బిడ్డ వద్దు. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. ఎడమ పక్కకు పడుకుని పై చేతికి చూస్తే అంకె తక్కువ వస్తుంది, చేయి గుండె కంటే పది సెంటీమీటర్లు పైకుంటే ఏడెనిమిది పాయింట్లు పోతాయి. వార్డులో "పడుకోబెట్టి చూస్తే తగ్గింది" అంటే ఇదీ ఒక కారణమే. కొన్న మిషన్‌ను ఒకసారి ఆస్పత్రికి తీసుకెళ్ళి అక్కడి దానితో పోల్చుకోండి.

ఈ కష్టానికి ఫలితం ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్‌లో జరిగి 2023లో వెలువడిన పరిశోధనలో, ఇంట్లో బీపీ చూసుకుంటూ డాక్టర్లతో మోతాదు సరిచేయించుకున్న తల్లులకు దాదాపు తొమ్మిది నెలలకు కింది బీపీ మిగతావాళ్ళ కంటే ఐదారు పాయింట్లు తక్కువగా ఉంది. కాన్పు తర్వాతి వారాల్లో బాగా అదుపు చేస్తే ఆ లాభం మందు ఆపాక కూడా నిలుస్తోందన్నమాట.

మూడు నెలలకు

పన్నెండు వారాలు దాటినా 140/90 ఉంటే అది ఇక గర్భం తాలూకు బీపీ కాదు, మామూలు బీపీగానే వైద్యం చేయాలి. అప్పుడు మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్, షుగర్ పరీక్షలు చేయించండి. గర్భంలో షుగర్ కూడా వచ్చి ఉంటే 6 నుంచి 12 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే పరీక్షే చేయించాలి. గర్భంలో కొలెస్ట్రాల్ సహజంగానే పెరుగుతుంది కాబట్టి ఆ పరీక్షకు తొందరపడకండి. నడుము కొలత 80 సెం.మీ. లోపు ఉండటం మంచిది.

ఆ తర్వాత ఏడాదికోసారి బీపీ, షుగర్, కొన్నేళ్ళకోసారి కొలెస్ట్రాల్. ఊళ్ళో ప్రభుత్వం చేసే బీపీ, షుగర్ పరీక్షలు 30 ఏళ్ళు దాటినవాళ్ళకు. ఇరవై రెండేళ్ళకు ప్రీఎక్లాంప్సియా వచ్చిన అమ్మాయి ఆ వరసలోకి రావడానికి ఎనిమిదేళ్ళు పడుతుంది. అందాకా ఎవరూ పిలవరు. బిడ్డ పుట్టినరోజు నెలలో తల్లి బీపీ కూడా చూపించుకుంటే గుర్తుపెట్టుకోవడం తేలిక.

ఉప్పు గురించి ఒక మాట. గర్భంలో చప్పిడి తిండి తింటే ప్రీఎక్లాంప్సియా ఆగదు, ఆకలి చచ్చిపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. కాన్పు తర్వాతి ఏళ్ళలో మాత్రం లెక్క మారుతుంది. రోజుకు ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదు. ఆవకాయ, ఊర మిరపకాయలు, అప్పడాలు, ఎండు చేపల్లోని ఉప్పు కూడా అందులోదే. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, ఇంట్లో బీడీ, సిగరెట్ పొగ లేకుండా చూడటం, కుదిరినన్నాళ్ళు పాలివ్వడం, ఇవి అందరికీ తెలిసినవే.

పిల్లలు వద్దనుకుంటే మాలా-ఎన్ లాంటి ఈస్ట్రోజన్ మాత్రలకు దూరంగా ఉండండి, బీపీని పెంచుతాయి, రక్తం గడ్డకట్టే ముప్పూ ఉంది. కాపర్-టీ, ఛాయా మాత్రలు మీకు నప్పుతాయి. అంతరా ఇంజెక్షన్‌కు ముందు బీపీ చూపించుకోండి.

మళ్ళీ గర్భం అనుకుంటే

ప్రీఎక్లాంప్సియా సుమారు ఆరుగురిలో ఒకరికి తిరిగి వస్తుంది. మొదటిసారి 34 వారాల లోపు కాన్పు చేయాల్సి వస్తే ముగ్గురిలో ఒకరికి. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ వాడుతుంటే గర్భానికి ప్రయత్నించే ముందే మందు మార్పించుకోవాలి. ఇవి కడుపులోని బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి. నెల తప్పాక తెలిస్తే ఆ రోజే డాక్టరును కలవండి. 12 వారాల నుంచి, ఎలాగైనా 16 వారాల లోపు, తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాత్రిపూట మొదలుపెట్టాలి. 75 నుంచి 150 మి.గ్రా. మధ్య ఎంతన్నది డాక్టరు చెబుతారు. నెలలు నిండకముందే వచ్చే ప్రీఎక్లాంప్సియాను 150 మి.గ్రా. ఆస్పిరిన్ సగానికి పైగా తగ్గించిందని 2017లో ఒక పెద్ద అధ్యయనం చూపింది. ఇరవై వారాలకు మొదలుపెడితే ఆ ఫలితం దక్కదు, మాయ రక్తనాళాలు ఏర్పడే పని అప్పటికే చాలావరకు అయిపోతుంది. ప్రభుత్వం ఇచ్చే 500 మి.గ్రా. కాల్షియం మాత్రలు రోజుకు రెండు, 14 వారాల నుంచి. వాటిని ఐరన్ మాత్రతో కలిపి మింగకండి, ఐరన్ ఒంటికి పట్టదు.

నలభై దాటాక

కాన్పుకు ముందు చివరి నెలలో, లేదా తర్వాతి ఐదు నెలల్లో పడుకుంటే ఆయాసం, కాళ్ళ వాపు వస్తే గుండె కండరం బలహీనపడిందేమోనని ఎకో (గుండె స్కాన్) తీయించాలి. అది ఒకటి. ఏళ్ళు గడిచాక వచ్చేది ఇంకొకటి, దాన్ని మనవాళ్ళు "గ్యాస్" అంటారు. మెట్లెక్కితే ఛాతీ బరువు, దవడకో వీపుకో పాకే నొప్పి, చల్లని చెమట, కారణం లేని నీరసం ఉంటే సోడా తాగి కూర్చోకుండా ఈసీజీ తీయించండి. కాన్పులో బీపీ వచ్చిన సంగతి చెప్పండి. మొదటి ఈసీజీ మామూలుగా ఉండి నొప్పి మాత్రం తగ్గకపోతే మళ్ళీ తీయమనండి, గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష కూడా అడగండి.