కాగిన పాలు త్వరగా చల్లార్చి తోడు పెట్టడం ఎలా?

రాత్రి పదకొండవుతుంది. గిన్నెలు కడగడం అయిపోయింది, గట్టు తుడవడం అయిపోయింది, పాలు మాత్రం ఇంకా పొగలు కక్కుతూనే ఉంటాయి. ఇలాంటి ఒక రాత్రి నిద్ర ఆపుకోలేక వేడి పాలల్లోనే తోడు వేసేసి పడుకున్నాను. తెల్లారి మూత తీస్తే అది పాలూ కాదు, పెరుగూ కాదు. తోడులో ఉండే సూక్ష్మజీవులకు 40 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం హాయిగా ఉంటుంది. 60 డిగ్రీల పాలల్లో వేస్తే వాటిలో చాలావరకు చచ్చిపోతాయి. తప్పు తోడుది కాదు, నా తొందరది.

అప్పుడే దించిన పాలు దాదాపు 95 డిగ్రీల దగ్గర ఉంటాయి. మూతపెట్టి గట్టు మీద వదిలేస్తే గోరువెచ్చగా కావడానికి గంట పైనే పడుతుంది. బేసిన్‌లో నీళ్ళు పోసి అందులో పెడితే పావుగంటలో పని అయిపోతుంది. ఇందుకు ఒక వెడల్పాటి బేసిన్, నాలుగు లీటర్ల కుళాయి నీళ్ళు, ఒక గరిటె చాలు.

1. గిన్నెను నీళ్ళలో దించండి

నీళ్ళ చల్లదనం పాలల్లోకి ఎక్కుతుందని అనుకుంటాం. నిజానికి ఎక్కేదేమీ లేదు, దిగేదే ఉంది. పాలల్లోని వేడి గిన్నె గోడ దాటి నీళ్ళలోకి పోతుంది. వేడి దానంతటదే ఎప్పుడూ ఎక్కువ ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపుకే వెళ్తుంది, రెండూ సమానమయ్యాక ఆగిపోతుంది. చుట్టూ గాలి ఉంటే ఈ పని నత్తనడక నడుస్తుంది. నీరు గాలి కన్నా ఇరవై రెట్లకు పైగా బాగా వేడిని చేరవేస్తుంది.

బయట నీళ్ళ మట్టం లోపలి పాల మట్టానికి సమానంగా రావాలి. సగం గిన్నే మునిగితే పై సగం మళ్ళీ గాలినే నమ్ముకోవాలి. అలాగని నీళ్ళు మరీ ఎక్కువ పోస్తే గిన్నె తేలి ఒరిగిపోతుంది, జాగ్రత్త.

2. నీళ్ళన్నీ ఒకేసారి పోయకండి

అసలు కిటుకు ఇక్కడే ఉంది. మీ దగ్గర లీటరు పాలు 95 డిగ్రీల్లో, నాలుగు లీటర్ల నీళ్ళు 28 డిగ్రీల్లో ఉన్నాయనుకుందాం. లెక్క తేలిక కావడానికి పాలను కూడా నీళ్ళలాగే చూద్దాం, తేడా పెద్దగా రాదు.

నాలుగు లీటర్లూ ఒకేసారి పోశారనుకోండి. పాల 95కి నాలుగు 28లు, అంటే 112 కలిపితే 207. మొత్తం ఐదు లీటర్లు కాబట్టి ఐదుతో భాగిస్తే 41 డిగ్రీలు దాటి కాస్త. పాలు, నీళ్ళు రెండూ అక్కడికొచ్చి ఆగుతాయి.

ఇప్పుడు అవే నీళ్ళను రెండు వాయిలుగా వాడండి. మొదట రెండు లీటర్లే పోస్తే 95, 56 కలిపి 151, మూడుతో భాగిస్తే సుమారు 50. ఆ వేడెక్కిన నీళ్ళు పారబోసి మిగిలిన రెండు లీటర్లు పోయండి. 50, 56 కలిపి 106, మూడో వంతు 35. అవే నాలుగు లీటర్లు, పాలు మాత్రం ఆరు డిగ్రీలు ఎక్కువ చల్లారాయి! తోడుకు 35 దాకా అక్కర్లేదు కాబట్టి మధ్యలోనే, 43 దగ్గర గిన్నె తీసేయొచ్చు. నీళ్ళూ మిగులుతాయి, టైమూ కలిసొస్తుంది.

టైమ్ ఎందుకు కలిసొస్తుందంటే, రెండింటి మధ్య తేడా ఎంత ఎక్కువుంటే వేడి అంత జోరుగా దిగుతుంది. న్యూటన్ 1701లో పేరు వేసుకోకుండా అచ్చు వేయించిన ఒక వ్యాసంలో ఈ సంగతి చెప్పాడు. బేసిన్ నీళ్ళు చేతికి బాగా వెచ్చగా తగిలాయంటే తేడా తరిగిపోయినట్టే. సమానమయ్యేదాకా చూడక్కర్లేదు, అప్పుడే మార్చేయండి.

ఐసు ముక్కలు వేయాలనిపిస్తే రెండో వాయిలో వేయండి. మొదటి వాయిలో తేడా ఎలాగూ బోలెడంత ఉంది, అందులో ఐసు వేయడం దండగ.

3. కలుపుతూ ఉండండి

గోడకు తగిలే పాలు ముందు చల్లారతాయి, నడిమి పాలు వేడిగానే ఉంటాయి. నిమిషానికోసారి గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పితే నడుమ ఉన్న వేడి గోడ దగ్గరకొస్తుంది. బయటి నీళ్ళనూ చేత్తో ఒకసారి కదపండి. గిన్నెను అంటుకున్న నీళ్ళు వేడెక్కి అక్కడే ఓ పొరలా నిలబడతాయి.

మూత మాత్రం పెట్టకండి. పైకి లేచే ఆవిరి చాలా వేడిని మోసుకుపోతుంది. టీ కొట్టులో పాలు ఎత్తి తిరగబోసేది నురగ కోసమే కాదు, గాలి తగిలి ఆవిరి పోవడానికి కూడా. మీగడ కట్టిందంటే ఆవిరికి అదీ ఒక మూతే. పెరుగు మీద మందంగా మీగడ కావాలనుకునేవాళ్ళు గరిటె పెట్టకుండా గిన్నెనే మెల్లగా ఊపుతారు. కాస్త ఆలస్యమవుతుంది, అయినా ఆ మీగడ రుచి తెలిసినవాళ్ళను తప్పుపట్టలేం.

4. వేడి చూసి తోడు వేయండి

కలిపాకే చూడండి, లేకపోతే పైపాలు ఒక మాట, అడుగుపాలు ఒక మాట చెబుతాయి. మణికట్టు లోపలివైపు రెండు చుక్కలు వేసుకోండి. వెచ్చగా తెలియాలి, చురుక్కుమనకూడదు.

ఫ్రిజ్‌లోంచి తీసిన తోడు వేస్తే పాలు చల్లబడిపోతాయేమోనని కొందరికి టెన్షన్. చెంచా తోడు ఐదు గ్రాములనుకుంటే, అది 5 డిగ్రీల్లో ఉన్నా లీటరు పాల వేడి పావు డిగ్రీ కూడా తగ్గదు. గడ్డలు లేకుండా చిదిపి బాగా కలపండి, చాలు.

5. ఇప్పుడు వేడి పోకుండా చూడండి

ఇందాకటిదాకా వేడిని తరిమాం, ఇకమీదట ఆపాలి. గ్రానైట్ గట్టు మీద పెడితే అది గిన్నె అడుగు నుంచి వేడిని లాగేస్తుంది. కింద చెక్క పీటో, నాలుగు మడతల న్యూస్‌పేపరో వేయండి. ఈసారి మూత పెట్టండి. చలికాలంలో తువ్వాలు చుట్టండి. తువ్వాలు సొంతంగా వేడి ఇవ్వదు, దాని పోగుల మధ్య చిక్కుకున్న గాలి వేడిని బయటికి పోనివ్వదు. హాట్‌బాక్స్ ఉంటే ఇంకా మేలు. అమెరికాలో చలి ప్రాంతాల్లో ఉన్న మనవాళ్ళు చాలామంది ఓవెన్ ఆన్ చేయకుండా లోపలి లైటు మాత్రం వేసి గిన్నె అందులో పెడతారు. పాతరకం బల్బయితే ఆ వెచ్చదనం సరిపోతుంది, ఎల్‌ఈడీ అయితే నమ్మకండి.

తెల్లారి చూస్తే ఇంకా తోడుకోలేదా? గిన్నె కదపకండి. రాత్రి వాడిన బేసిన్‌లోనే ఈసారి 45 డిగ్రీల వేడినీళ్ళు పోసి, గిన్నెను అందులో దించి పైన తువ్వాలు కప్పండి. ఇప్పుడు వేడి నీళ్ళలోంచి పాలల్లోకి పోతుంది. నీళ్ళు చల్లారితే మార్చండి. తోడు బతికుంటే గంటా రెండు గంటల్లో గట్టిపడుతుంది.