పేర్లు పాటలో పడితే చాలు

మూడేళ్ల పిల్లలకు పక్కనున్న పాప పేరు తెలియకపోతే చొక్కా పట్టి లాగుతారు. అందుకే నా క్లాసులో మొదటి వారమంతా పేర్ల పాటే.

పాటకు గొప్ప రాగం అక్కర్లేదు. గుండ్రంగా కూర్చోబెట్టి, "ఎవరొచ్చారు, ఎవరొచ్చారు?" అని నేను అందుకుంటాను. "మీనా వచ్చింది, మీనా వచ్చింది!" అని అందరూ ఆ పాప వైపు చూస్తూ పాడాలి. ఆ చూపే ముఖ్యం. ముఖం చూడకుండా పాడితే పాట వస్తుంది, పేరు మాత్రం గుర్తుండదు. పేరును చప్పట్లతో విడగొట్టండి: మీ-నా, రెండు చప్పట్లు. కా-ర్తి-కే-య అనగానే నాలుగు కొట్టాలని అందరికీ ఒకటే హుషారు.

రోజుకు నాలుగైదు కొత్త పేర్లు చాలు, పాతవి మళ్లీ పాడుకుంటూ. ఇంట్లో ఏ పేరుతో పిలుస్తారో ముందే అమ్మానాన్నలను అడగండి. రిజిస్టర్‌లో ఉన్న పొడుగు పేరుకు కొందరు పలకనే పలకరు. శ్రుతి కాస్త పైకి పెట్టండి, మన గొంతుకు హాయిగా ఉన్నది వాళ్లకు మరీ కిందికి ఉంటుంది.

సిగ్గుపడే పిల్లలను "నీ పేరు చెప్పు" అని నిలదీయొద్దు. వాళ్ల పేరు మిగతావాళ్లు పాడతారు, వాళ్లు చెయ్యి ఊపితే సరిపోతుంది.

పేర్లు కుదిరాక ఒకరిని దుప్పటి కింద దాచి, "ఎవరు లేరు?" అని పాడండి. ఆ ఆట మొదలైతే ఆపడం మాత్రం మీ వల్ల కాదు.