చలివేంద్రం నడపడం ఎలా: కొబ్బరికాయ కొట్టిన మర్నాటి నుంచి

ఉగాది దాటగానే మన ఊళ్లలో చలివేంద్రాలు వెలుస్తాయి. వాటిలో చాలా వరకు, ప్రారంభోత్సవం ఫొటో పత్రికలో పడిన వారం పది రోజులకే, ఖాళీ కుండలతోనూ చిరిగిన ఫ్లెక్సీతోనూ మిగిలిపోతాయి. అసలు అవసరం మొదలయ్యేది ఆ తరువాతే. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి 1500 మందికి పైగా చనిపోయినట్లు ప్రభుత్వ లెక్కలు చెప్పాయి. వారిలో చాలామంది ఎండలో పని మానుకోలేని కూలీలు, వృద్ధులు. కనుక చలివేంద్రం పెట్టదలచినవారు రోళ్లు పగిలే రోహిణి కార్తె వెళ్లి మృగశిర ప్రవేశించేదాకా, అంటే జూన్ మొదటి వారం వరకు, ఒక్కరోజు కూడా మూతపడకుండా నడపగలమా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

అందుకు కుండలు కొనడానికన్నా ముందు మనిషిని కుదుర్చుకోవాలి. చలివేంద్రం పెట్టే సంఘం సభ్యులే వంతులవారీగా కూర్చుంటారన్న ఏర్పాటు మొదటి వారం బాగానే సాగుతుంది గాని, పెళ్లిళ్ల ముహూర్తాలు రాగానే సడలిపోతుంది. సేవకు జీతమేమిటన్న సంకోచం పెట్టుకోకుండా, ఆ చుట్టుపక్కలే ఉండే ఒకరికి రోజుకూలి ఇచ్చి, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు నియమించడం మంచిది. మధ్యాహ్నం భోజనం వేళ వారి స్థానంలో కూర్చునే బాధ్యతను మాత్రం సభ్యులు తీసుకోవచ్చు. పన్నెండు నుంచి మూడు గంటల మధ్య మనిషి లేని చలివేంద్రం ఉన్నా లేనట్లే.

స్థలం నీడలో ఉండాలి, జనం ఎలాగూ ఆగే చోట ఉండాలి. బస్టాపు, ఆటోస్టాండు, రైతుబజారు, కూలీల అడ్డా, ప్రభుత్వాసుపత్రి గేటు ఇందుకు తగినవి. వేపచెట్టో కానుగచెట్టో ఉంటే పందిరి ఖర్చు తగ్గుతుంది. పంచాయతీ లేదా మున్సిపాలిటీ అనుమతి తీసుకోవాలి. రోడ్డు మార్జిన్‌లో పెట్టేటట్లయితే ట్రాఫిక్ పోలీసులకూ చెప్పాలి. మురుగుకాలువ పక్కన, చెత్తకుండీ పక్కన స్థలం ఉచితంగా దొరికినా వద్దనాలి.

ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది నీటి మీద. ఎండన పడి వచ్చిన మనిషి సుమారు అర లీటరు తాగుతాడనుకుంటే, రోజుకు 400 మందికి 200 లీటర్లు, అంటే 20 లీటర్ల డబ్బాలు పది కావాలి. కడగడానికి వాడే నీరు వేరు. ఆ నీరు ఎక్కడిదో తెలియకుండా ట్యాంకరు పిలిపించరాదు. కుళాయి నీరు వాడితే అందులో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది మన తాగునీటి ప్రమాణం. దానిని క్లోరోస్కోపుతో, అంటే నీటిలో మిగిలిన క్లోరిన్‌ను రంగును బట్టి చూపే చిన్న పరికరంతో, నిమిషాల్లో చూడవచ్చు. క్లోరిన్ మాత్రలు వేస్తే ప్యాకెట్ మీద రాసిన మోతాదులో వేసి, కనీసం అరగంట ఆగిన తరువాతే పోయాలి. నల్గొండ, ప్రకాశం వంటి జిల్లాల్లో బోరు నీటికి మరొక చిక్కు ఉంది. అక్కడి ఫ్లోరైడ్ మరిగించినా పోదు, క్లోరిన్ కలిపినా పోదు. అటువంటి చోట రక్షిత నీటి పథకం నీరో, ఫ్లోరైడ్‌ను తొలగించే ప్లాంటు నీరో తెచ్చుకోవలసిందే.

మట్టికుండ నీటిని చల్లబరిచేది దాని సన్నని రంధ్రాల నుంచి ఊరిన తడి ఆవిరి కావడం వల్ల. ఈ సంగతి మరచి కుండలకు పార్టీ రంగులో, దాతల పేర్లో ఆయిల్ పెయింటుతో వేయిస్తే రంధ్రాలు మూసుకుపోయి నీళ్లు వెచ్చగానే ఉంటాయి. (కుండ మీద పేరు చూసుకోవాలన్న సరదా మనవారికి కాస్త ఎక్కువే.) కొత్త కుండను ఒక రాత్రంతా నీళ్లతో నింపి ఉంచి, ఆ నీరు పారబోసి వాడాలి. తడి ఇసుక మీద నిలిపి, చుట్టూ తడిపిన గోనెసంచి చుట్టి, గాలి ఆడేటట్లు ఉంచాలి. రామగుండం వంటి పొడి ఎండల ప్రాంతంలో కుండ బాగా పనిచేస్తుంది గాని, గాలిలో తేమ ఎక్కువగా ఉండే విశాఖ తీరంలో అంత చల్లదనం రాదు. ఐసు కలపాలనుకుంటే తాగునీటితో చేసినదేనని తేలాలి. చేపల పెట్టెల్లోకి వాడే ఐసు గడ్డలను కుండలో వేయరాదు. రోజూ ఉదయం మిగిలిన నీరు పారబోసి, కుండ లోపల పీచుతో తోమి, మళ్లీ నింపాలి.

గ్లాసును కుండలో ముంచనీయరాదు. కుళాయి అమర్చిన కుండలు తెచ్చుకోవాలి, లేదా పొడుగు కాడ గరిటెతో కూర్చున్న మనిషే పోయాలి. దోసిట్లో పోస్తే కడగవలసిన గ్లాసు ఉండదు. సీసా తెచ్చుకున్నవారికి నింపి ఇవ్వాలి. ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ గ్లాసులపై 2022 జులై 1 నుంచి దేశవ్యాప్తంగా నిషేధం ఉంది. అందుకని స్టీలు గ్లాసులు పెట్టి, వాటిని తోమడానికి వేరే నీరు ఉంచాలి. టీ హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతిని చూసిన నేల ఇది. కులం అడిగి గానీ, చూపుతో అంచనా కట్టి గానీ ఒకరికి గ్లాసు, మరొకరికి దోసిలి అన్న తేడా రానీయరాదని, గరిటె పట్టే మనిషికి మొదటి రోజే స్పష్టంగా చెప్పాలి. అది మర్యాదకే కాదు, చట్టానికీ సంబంధించిన విషయం.

మజ్జిగ పోసే ఆలోచన మంచిదే గాని, దానిని ఉదయమే పీపాడు కలిపి ఉంచకుండా, గంటకు సరిపడా మాత్రమే, సురక్షితమైన నీటితోనే కలుపుతూ ఉండాలి. ఓఆర్ఎస్ (ఒంట్లో తగ్గిన నీటినీ లవణాలనూ భర్తీ చేసే పొడి) ప్యాకెట్లు కొన్ని దగ్గర పెట్టుకోవాలి. 20.5 గ్రాముల ప్యాకెట్‌ను మొత్తంగా ఒక లీటరు నీటిలోనే కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. పేరులో ఓఆర్ఎస్ అనిపించే తియ్యటి పానీయాలు దీనికి బదులు కావు.

కూర్చున్న మనిషికి వడదెబ్బ గుర్తులు తెలిసి ఉండాలి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మతి తప్పినట్లు ప్రవర్తిస్తుంటే ముందు 108కి ఫోన్ చేయించాలి. ఆ తరువాత నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులుచేసి, ఒంటి మీద నీళ్లు చల్లుతూ విసరాలి. మెడ మీద, చంకల్లో, గజ్జల్లో తడిగుడ్డలు ఉంచాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చలివేంద్రంలో ఈ నాలుగు మాటలు రాసిన అట్ట, దాతల ఫ్లెక్సీ కన్నా పెద్ద అక్షరాలతో ఉండాలి.

డబ్బు విషయంలో చెప్పేది కొంచెమే. చందాలు ఒక్కరి పేరున కాక సంఘం ఖాతాలో వేసి, వారం వారం ఖర్చు కాగితం పందిరి స్తంభానికి అంటిస్తే అనుమానాలకు తావుండదు. పశువులకు తొట్టి పెట్టేటట్లయితే జనం నీళ్లు తాగే చోటికి కాస్త దూరంగా పెట్టాలి.

ఏ రోజు ఎన్ని డబ్బాలు అయిపోయాయో, ఏ గంటలో నీళ్లు చాలలేదో ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచితే, మరుసటి ఏడు ఎన్ని కుండలు కొనాలో, రెండో మనిషి కావాలో అక్కరలేదో దానిని బట్టే తేలుతుంది. తొలకరి పడగానే కుండలు కడిగి, ఎండలో ఆరబెట్టి, బోర్లించి దాచాలి. పందిరి గుంజలు పీకి గోతులు పూడ్చి స్థలం అప్పగించాలి.