నామవాచకం సరే, క్రియే తప్పింది: ఇంగ్లీషు వాక్యంలో దోషం పట్టుకోవడం

సమస్య: కాలం, కర్త, వచనం అన్నీ కుదిరినా, వాక్యం చదివేవారికి పంటి కింద రాయిలా ఏదో తగులుతుంది. రాజోలు నుంచి నరసాపురం వెళ్లిన సంగతి రాస్తూ ఒక విద్యార్థి 'వియ్ క్లైంబ్డ్ ద ఫెర్రీ' అన్నాడనుకుందాం. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినవారికి అది ఇట్టే అర్థమవుతుంది గానీ, ఇంగ్లీషు మాతృభాషగా గలవారికి పంటు అంచు పట్టుకుని పైకి పాకినట్టు తోస్తుంది. అక్కడ ఉండవలసింది 'గాట్ ఆన్' లేదా 'టుక్'.

కారణం: ఇది వ్యాకరణ లోపం కాదు. నామవాచకాన్ని ఇంగ్లీషులో నేర్చుకుని, దాని పక్కన క్రియను మాత్రం తెలుగు నుంచి తెచ్చుకోవడమే అసలు కారణం. మన 'కట్టు'నే చూడండి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను కాటన్ దొర కట్టించారు. రైతు నీటి తీరువా కడతాడు. పెళ్లికూతురు పట్టుచీర కట్టుకుంటుంది. సరంగు పడవను రేవులో కడతాడు. మనకు ఒక్క క్రియతో సాగిపోయే ఈ నాలుగింటికీ ఇంగ్లీషులో వరుసగా బిల్డ్, పే, వేర్, టై కావాలి. 'వేయు' సంగతీ అంతే: వరి వేస్తే ప్లాంట్, మాత్ర వేసుకుంటే టేక్, వల వేసినా ఓటు వేసినా మాత్రం ముచ్చటగా ఒకే మాట, కాస్ట్.

పరిష్కారం: నిఘంటువులో క్రియను కాక నామవాచకాన్ని వెతకాలి. ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసం కూర్చిన నిఘంటువుల్లో 'డెసిషన్' కింది ఉదాహరణలు చదివితే మేక్, టేక్, రీచ్ అక్కడే దొరుకుతాయి. నోటుపుస్తకంలో కూడా 'మిస్టేక్' అని ఒంటరిగా కాక 'మేక్ ఎ మిస్టేక్' అని జంటగా ఎక్కించుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది 'చేయు'. పని జరగడమే ప్రధానమైతే డూ, ఆ పనివల్ల ఏదైనా ఏర్పడితే మేక్ అనే సూత్రం హోంవర్క్, నాయిస్ వంటి వాటికి చక్కగా సరిపోతుంది. అయితే గోదావరి వరద చేసిన నష్టం లంకల్లో కళ్లెదుటే కనిపిస్తున్నా, 'డ్యామేజ్' పక్కన మేక్ ఇమడదు. డూ గానీ కాజ్ గానీ రావాలి. స్నానానికైతే డూ, మేక్ రెండూ పనికిరావు, టేక్ లేదా హ్యావ్ అనాలి. అందుకే సూత్రం కన్నా జంటనే నమ్ముకోమంటాను.

'రైట్ ఎన్ ఎగ్జామ్' మన దేశపు ఇంగ్లీషులో స్థిరపడిన వాడుక కనుక, ఇక్కడి పిల్లల వాక్యాల్లో దాన్ని ఎర్రసిరాతో కొట్టివేయనక్కరలేదని నా అభిప్రాయం. విదేశీ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు రాసేటప్పుడు మాత్రం 'టేక్' వాడాలి. బ్రిటన్‌కైతే 'సిట్' కూడా చెల్లుతుంది.